ఖబరస్తాన్ దాకా వెళ్లొచ్చిన శాంపిల్

ఆ రోజు ఫుప్పు కుట్టుమిషన్ ముందు కూర్చుని రెండుసార్లు స్టూలు వెనక్కి జరుపుకుంది. మూడోసారి జరుపుకుని, చేతిలోని జాకెట్టు పక్కన పెట్టి, "ఏందే గిది, కడుపు పోయి మిషన్‌కు తాకుతుంది" అంది.

నేను మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను. "బగారన్నం జర తక్కువ తిను" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతే. ఏదో తేడాగా ఉందని ఆమెకు తెలిసిన మొదటి రోజు అది. నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఫుప్పు అంటే మా నాన్న చెల్లెలు, సాబేరా. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. ఆమె దంతాలపల్లిలో జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు యూసుఫ్, భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని చేస్తాడు. నేను పుట్టి పెరిగిందంతా హైదరాబాదు. అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది, కాలేజీ తెరిచిన రోజుల కంటే బందు రోజులే ఎక్కువ. ఇంట్లో కూర్చుని అందరితో గొడవ పడుతున్నానని నాన్న నన్ను ఫుప్పు దగ్గరికి తోలేశాడు. పది రోజులుండి వద్దామని వెళ్లాను.

ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టర్ గ్యాస్ అన్నాడు. గోలీలిచ్చాడు. తగ్గలేదంటే వేరే రంగు గోలీలిచ్చాడు. ఫుప్పు తన కమీజ్‌ల పక్క కుట్లు తానే విప్పి వదులు చేసుకుంది. రెండు వారాలకు మళ్లీ విప్పింది. కడుపు పెరుగుతోంది, చేతులూ ముఖమూ మాత్రం ఎండిపోతున్నాయి. రెండు ముద్దలు తినగానే నిండిపోయిందనేది. నేను వెళ్లి ఆ ఆర్ఎంపీతో పెద్దగా గొడవ పెట్టుకున్నాను. "మానుకోట పోయి స్కానింగ్ తీపియ్యుండ్రి బిడ్డా, నాకు గిదే తెలుస్తది" అన్నాడు. ఆ మాట ముందే అనుంటే ఎంత బాగుండేది.

మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, స్కానింగ్ తీసిన మేడమ్ స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పకుండా, "ఫ్లూయిడ్ చాలా ఉంది. ఓవరీ దగ్గర మాస్, గడ్డలాంటిది, కనిపిస్తోంది. హన్మకొండ తీసుకెళ్లండి. ఇవాళ కాకపోతే రేపు" అంది. బయటికొచ్చి ఫోన్‌లో వెతికాను. నెట్ నెమ్మది, పేజీ ఒక్కో వరుసే తెరుచుకుంటోంది. నాలుగో వరుస దగ్గర నేనే ఆపేశాను.

హన్మకొండలో సీటీ స్కాన్, క్యాన్సర్ జాడ చూపే సీఏ-125 రక్త పరీక్ష. కడుపులోంచి ట్యాపింగ్ చేసి నీళ్లు తీశారు, బాటిళ్లు నిండాయి. ఓవరీ క్యాన్సర్, కడుపు లోపలి పొరకు కూడా పాకింది. పెద్ద ఆపరేషన్ చేసి గర్భసంచి, ఓవరీలు, ఆ పొర తీసేశారు. ఆ రోజు జనగామ నుంచి మా దాదా వచ్చాడు. దాదా అంటే మా తాత, ఫుప్పు తండ్రి. కళ్లు సరిగ్గా ఆనకుండా పోయేదాకా జనగామలో టైలర్. ఫుప్పుకు మిషన్ నేర్పింది ఆయనే. చాలా తక్కువ మాట్లాడతాడు. ఆ రోజు మొత్తం మీద ఒక్కటే మాట అడిగాడు, అదీ ఒక ఆయమ్మని.

"తీసినయన్నీ ఏం జేస్తరమ్మా?"

"జర్రంత టెస్టుకు పోతది తాతా. మిగిలింది బట్టీల కాలుస్తరు."

దాదా తల ఊపి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మా ముస్లింలలో మనిషి ఒంటి నుంచి ఏది తీసినా మట్టికే ఇస్తారు. కాలు తీసేసినా, వేలు తీసేసినా కడిగి, తెల్లబట్టలో చుట్టి, ఖబరస్తాన్‌లో పాతిపెడతారు. కాల్చడమనేది ఉండదు. ఇదంతా నాకు తర్వాత యూసుఫ్ చెప్పాడు. అప్పటికి నేను సిటీలో పెరిగిన పిల్లని, నాకు ఆ సంగతి తెలియదు. దాదా ఎందుకు అన్నం ముట్టలేదో అడగను కూడా లేదు.

తర్వాత కీమో. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, మూడు వారాలకొకటి చొప్పున ఆరు. దంతాలపల్లి నుంచి హన్మకొండకి వెళ్లి రావడమే ఒక రోగంలా ఉండేది. బందు రోజున కీమో పడితే ముందు రోజే వెళ్లి ఆసుపత్రి వరండాలో కూర్చునేవాళ్లం. జుట్టు పోయింది, అది పెద్ద సంగతి కాదు, తలమీద ఎప్పుడూ చున్నీ ఉంటుంది. కాళ్లు మొద్దుబారడమే ఆమెను కుంగదీసింది. మిషన్ పెడల్ మీద కాలు పెడితే పెట్టినట్టు తెలియదు. కిందికి చూసుకుంటూ తొక్కేది. కుట్టు వంకర పోయేది. విప్పేది, మళ్లీ కుట్టేది.

ఆరూ అయ్యాక స్కాన్ క్లియర్ అన్నారు. నేను హైదరాబాదు వెళ్లిపోయాను. ఆరు నెలలు నిండకుండానే ఫుప్పు ఫోన్ చేసి, మామూలు మాటలన్నీ మాట్లాడి, చివర్లో, "మల్ల నడుము కిందికి నొస్తుందే" అంది. నేను బట్టలు సర్దుకున్నాను.

ఈసారి కడుపు కింది భాగంలో ఒకటే గడ్డ. డాక్టర్ నన్నూ యూసుఫ్‌నూ గదిలోకి పిలిచాడు.

"గడ్డ తీసేస్తాం. దాని తర్వాత కీమో తప్పదు. కానీ మొదటి మందులు ఆరు నెలలు కూడా ఆపలేకపోయాయంటే మళ్లీ అవే ఇచ్చి లాభం లేదమ్మా. వేరేవి ఐదారు ఉన్నాయి. ఏది పనిచేస్తుందో ముందే చెప్పలేం. ఒకటి మొదలుపెట్టి, రెండు మూడు సైకిల్స్ తర్వాత స్కాన్ తీసి, తగ్గకపోతే మార్చాలి."

"అంటే ఫుప్పు మీద ఒక్కొక్కటి ట్రయల్ వేస్తారా? ఆమెకు ఒంట్లో ఏం మిగిలిందని?" గట్టిగానే అరిచాను. యూసుఫ్ కింద నుంచి నా కాలు తొక్కాడు.

డాక్టర్‌కు కోపం రాలేదు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడు. "అరవకు. ఆ ట్రయల్ మనిషి మీద కాకుండా ముక్క మీద వేసే పద్ధతి ఒకటుంది. అది చెప్దామనే పిలిచాను" అన్నాడు.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క ల్యాబుకు పంపుతారు. అక్కడ ఆ కణాలను విడదీసి, బతికుండగానే ఒక ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో పెట్టి, ఒక్కో గుంటలో ఒక్కో కీమో మందు వేస్తారు. ఏ మందుకు చస్తున్నాయో, ఏ మందుకు చావట్లేదో చూస్తారు. డ్రగ్ సెన్సిటివిటీ టెస్ట్ అంటారు.

"ఇది అందరు డాక్టర్లూ ఒప్పుకునే టెస్ట్ కాదు. ముందే చెప్తున్నా" అన్నాడాయన. "రెసిస్టెంట్ అని వస్తే ఆ మందు ఒంట్లో కూడా పనిచేయకపోయే అవకాశం ఎక్కువ. సెన్సిటివ్ అని వస్తే మాత్రం తప్పకుండా పనిచేస్తుందని కాదు. గిన్నెలో ఉన్న కణం వేరు, మనిషిలో ఉన్న కణం వేరు. దారి చూపించదు, మూసుకుపోయిన దారులు ఏవో చెప్తుంది. అంతవరకే."

"అదే చాలు సార్" అన్నాడు యూసుఫ్.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మామూలుగా తీసినవన్నీ ఫార్మలిన్‌లో వేస్తాం. అందులో పడితే కణాలు చచ్చిపోతాయి. బయాప్సీకి అలాగే కావాలి. ఈ టెస్టుకు బతికున్న కణం కావాలి. ల్యాబు వాళ్లు ఒక ట్యూబు పంపుతారు, అందులో పింక్ రంగు నీళ్లుంటాయి. దాంట్లో వేసి, చల్లగా ఉంచి, గడ్డకట్టకుండా, ఎంత తొందరగా చేరిస్తే అంత మంచిది. ల్యాబ్ హైదరాబాదులో. ఈ సమ్మెలో కొరియర్ వాళ్లు రామంటున్నారు. ముక్క మీ చేతికే ఇస్తాం, మీరే చేర్చాలి."

అప్పటికి తెలంగాణ కోసం అందరూ చేస్తున్న సమ్మె మొదలై చాలా రోజులైంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. గనులు ఆగాయి, యూసుఫ్ కూడా సమ్మెలో ఉన్నాడు. రైళ్లు ఒక రోజు ఉంటే ఒక రోజు లేవు. నేను ఫోన్ పట్టుకుని హైదరాబాదుకి కారు మాట్లాడే పనిలో పడ్డాను. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ డ్రైవర్‌కు మెసేజ్ కొడుతుంటే దాదా వెనకాలే వచ్చాడు.

"బేటా, ఈసారి తీసింది మన చేతికే ఇస్తరంటగ?"

"హా దాదా. మన చేతికే."

"పక్కానా?"

"పక్కా. డాక్టరే చెప్పిండు."

దాదా ముఖం తేలికపడింది. అది నేను చూశాను. టెస్ట్ సంగతి ఎవరో చెప్పి ఉంటారు, సంతోషపడుతున్నాడు అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. యూసుఫ్ నేను చెప్పాననుకున్నాడు, నేను యూసుఫ్ చెప్పాడనుకున్నాను. ఫుప్పుకు ఆమె నొప్పే సరిపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు. నేను మాట్లాడిన డ్రైవర్ ఆసుపత్రి గేటు దాకా వచ్చి, రానన్నాడు. రాత్రికి రాత్రే జిల్లా అంతా బందు పిలిచారట.

"అద్దాలు పలగ్గొడితే నువ్విస్తవా అక్కా?"

"పేషెంట్ పని అని బోర్డు పెట్టుకో!"

"పేషెంట్ యేది మరి? డబ్బను జూపెట్టి పేషెంట్ అంటే నమ్ముతరా?"

గేటు దగ్గర నిలబడి అతనితో, ఫోన్‌లో ఇంకో ఇద్దరు డ్రైవర్లతో, చివరికి ల్యాబులో ఉన్న అబ్బాయితో కూడా గొడవ పడ్డాను. యూసుఫ్ రక్తం ఇవ్వడానికి బ్లడ్ బ్యాంకుకి వెళ్లాడు. పైన థియేటర్ దగ్గర దాదా ఒక్కడే ఉన్నాడు.

పైకి వెళ్లేసరికి దాదా లేడు. సిస్టర్‌ను అడిగితే, "శాంపిల్ ఇచ్చేసినం గదా మేడమ్, మీ ముసలాయనకు. సంతకం గూడ పెట్టిండు" అంది.

"ఆయనకేం చెప్పారు?"

"ఏం జెప్తం? జల్ది తీస్కపోవాలె తాతా, లేట్ చెయ్యొద్దు అన్న."

మాలో మట్టి చేసేటప్పుడూ అదే మాట అంటారు. ఆలస్యం చేయొద్దు అని.

నేను మసీదు, క్యాంటీన్, బాత్రూములు వెతికాను. దాదా ఫోన్ స్విచాఫ్. బ్యాటరీ అయిపోతుందని ఆయన ఎప్పుడూ ఆపేసే ఉంచుతాడు. కింద వాచ్‌మన్, "ఎర్ర తువ్వాల పెద్దమనిషా? తెల్ల డబ్బ పట్టుకొని కాజీపేట స్టేషన్‌కు ఆటో మాట్లాడుకున్నడు. జనగామ ప్యాసింజర్ దొరుకుతదా అని అడిగిండు. ఇయ్యాల గా ఒక్క బండే, గదీ జనగామ దాకనే" అన్నాడు. అప్పుడే యూసుఫ్ మోచేతికి దూది నొక్కుకుంటూ వచ్చాడు. విన్నాడు.

"ఖబరస్తాన్‌కు పోయిండు" అన్నాడు.

నాకర్థం కాలేదు. "పోయినసారి కాల్చిండ్రని వారం రోజులు మనిషి మనిషిల లేడు" అని, నా ముఖం చూసి, అప్పుడు చెప్పాడు నాకు, మట్టి సంగతంతా.

ఫుప్పు ఇంకా థియేటర్‌లోనే ఉంది. మా పక్క బెడ్ వాళ్ల అవ్వకి చెప్పి, యూసుఫ్ బండి మీద బయల్దేరాం. నా తిట్లు ఆగలేదు. దాదాను, సిస్టర్‌ను, సమ్మెను, అందరినీ తిట్టాను.

"నీ ఫోన్ల అన్ని దొరుకుతయంటివి గద. ఇప్పుడు తాత యాడున్నడో దొరకబట్టు" అన్నాడు యూసుఫ్ వెనక్కి తిరగకుండా. అక్కడితో నా తిట్లు ఆగాయి.

సగం దారిలో రోడ్డు నిండా జనం. వంటా వార్పు. రోడ్డుకడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. పాటలు, జెండాలు. ఇక ఆగిపోయామనుకున్నాను. బండి దిగి, "మీ తెలంగాణ కోసం మా ఫుప్పు చచ్చిపోవాలా?" అని అరిచాను. యూసుఫ్ సిగ్గుతో తల పట్టుకున్నాడు. అతనూ అలాంటి పొయ్యి దగ్గర నిన్నటిదాకా కూర్చున్నవాడే.

గరిటె పట్టుకున్న ఒక అక్క నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఎవలే పిల్లా నువ్వు, గట్ల ఒర్రుతున్నవ్? ఎవలన్న ఆపిండ్రా నిన్ను?"

ఎవరూ ఆపలేదు. నిజమే.

"దవాఖాన పనక్కా" అన్నాడు యూసుఫ్.

"అయితే గట్ల చెప్పాలె. ఏ, జరుగుండ్రి, బండికి తొవ్వియ్యుండ్రి. నువ్వు పో తమ్మీ. ఆ పిల్లను జర నీళ్లు తాగమను."

జనగామలో దాదా ఇంటి వైపు వెళ్లలేదు, నేరుగా ఖబరస్తాన్‌కే వెళ్లాం. దాదా మా దాదీ, అంటే నాయనమ్మ, సమాధి పక్కన కూర్చుని ఉన్నాడు. మూరెడు గుంత తవ్వించాడు. థర్మోకోల్ డబ్బా మూత తీసి అవతల పడేసి ఉంది. చల్లగా ఉంచే ప్యాకెట్లు రెండూ ఎండలో మట్టిమీద పడి ఉన్నాయి. ట్యూబు దాదా ఒళ్లో ఉంది, కొత్త తెల్లబట్టలో. ఆ బట్ట అంచులు చేత్తో మడిచి కుట్టి ఉన్నాయి. చూపు ఆనని మనిషి, ముందు రోజే కుట్టి జేబులో పెట్టుకున్నాడు. జోహర్, అంటే మధ్యాహ్నం నమాజ్ అయ్యాక ఇమామ్ సాబ్ వచ్చి దువా చేస్తానన్నాడట. అందుకోసం ఆగాడు. ఆగబట్టే దొరికాడు.

"దాదా, అది పాతిపెట్టేది కాదు!" పరుగెత్తుకుంటూ అరిచాను.

"నువ్వే అంటివి గద బేటా, మన చేతికిస్తరని. జల్ది తీస్కపొమ్మని గా పిల్ల గూడ చెప్పె."

ఆయన తప్పు ఒక్కటీ లేదు. యూసుఫ్ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, దాని మీద మందులు పోసి చూస్తరు. ఏ మందుకు గా రోగం సస్తదో ఎరుకైతది. గదే మందు అమ్మకిస్తరు. అందుకోసం ఇచ్చిండ్రు. అది ఇంక బతికే ఉన్నది."

దాదా ఒళ్లోకి చూసుకున్నాడు. "బతికున్నదా?"

"ఆ."

"బతికున్నదాన్ని మట్టిల పెడుతుంటి" అన్నాడు. ఆ బట్ట ముడి ఆయనే విప్పాడు. మమ్మల్ని విప్పనివ్వలేదు.

ల్యాబుకు ఫోన్ చేశాను. పొద్దున నేను తిట్టిన అబ్బాయే ఎత్తాడు. ఏమీ మనసులో పెట్టుకోలేదు. "మూత తీశారా?" అన్నాడు. లేదన్నాను. "నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? పసుపు తిరిగితే కష్టం." ఎండకెత్తి చూశాను. పూర్తి పింక్ కాదు, కొంచెం నారింజలోకి దిగింది. "ఐస్‌కు నేరుగా తగలకుండా, చల్లగా తీసుకురండి. వచ్చినంత తొందరగా రండి. ఏమొస్తుందో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

మెడికల్ షాపులకు బందు లేదు. సగం షట్టర్ కింద నుంచి వంగి అడిగితే, ఇన్సులిన్ పెట్టుకునే చల్ల ప్యాకెట్లు ఇచ్చాడు దుకాణం ఆయన. డబ్బాను నా చున్నీతో బండికి కట్టుకుని యూసుఫ్ ఒక్కడే హైదరాబాదు వెళ్లాడు. వాళ్లమ్మ కడుపు కోసి ఉంది, తను ఇంకోవైపు వెళ్తున్నాడు. "నువ్వు అమ్మ దగ్గరికి పో. లొల్లి పెట్టుకోకు ఎవలితోటి" అన్నాడు.

దాదా, నేను ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చాలాసేపు కూర్చున్నాం. ఆయనే అడిగాడు, "టెస్ట్ అయినంక దాన్ని కాలుస్తరా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అక్కడి నుంచే మళ్లీ ల్యాబ్ అబ్బాయికి ఫోన్ చేసి అడిగాను. మిగిలింది ఇవ్వడానికి రూల్ లేదన్నాడు. అదే దాదాకు చెప్పాను. ఆయన, "సరె. పనికొస్తే చాలు" అన్నాడు.

ఫుప్పుకు మత్తు దిగాక ఎవరు చెప్పారో, అంతా తెలిసిపోయింది. నొప్పితో పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏం బాబా, నన్ను జర్రంత జర్రంత సాగనంపుతున్నవా?" అంది. దాదా నవ్వలేదు. కూతురి కాలి పక్కన కూర్చుని, ఆమెకు స్పర్శ తెలియని అరికాలు చాలాసేపు పట్టాడు.

రిపోర్టు రావడానికి రెండు వారాలు పట్టింది. ఎనిమిది మందులు చూడమని డాక్టర్ రాశాడు. బతికున్న కణాలు తక్కువ ఉన్నాయని మూడింటికే చేశారు. పాక్లిటాక్సెల్ రెసిస్టెంట్, అది తెలిసిందే. టోపోటెకాన్ రెసిస్టెంట్. జెమ్సిటబిన్ మధ్యరకం.

"నేను మొదట ఇద్దామనుకున్నది టోపోటెకాన్" అన్నాడు డాక్టర్. "అది పక్కన పెడతాను. జెమ్సిటబిన్ మొదలుపెడదాం. పనిచేస్తుందని ఈ కాగితం చెప్పట్లేదు. చేయదని కూడా చెప్పట్లేదు."

"మిగతా ఐదు మా వల్లనే పోయాయా సార్? ఆ ఎండలో?"

"చెప్పలేనమ్మా. ముక్కే చిన్నది. టైముకి చేర్చినా ఒక్కోసారి ఇంతే వస్తుంది."

ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో, నిజంగానే అంతేనో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఐదింటిలో ఫుప్పుకు సరిగ్గా సరిపడేది ఒకటి ఉందేమో. ఉండకపోవచ్చు కూడా. ఈ ఆలోచన పోతుందని చాలామంది చెప్పారు. పోలేదు. పాతబడింది, అంతే.

జెమ్సిటబిన్ తేలికేమీ కాదు. రెండో సైకిల్‌కు ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మూడోదానికి జ్వరమొచ్చి వారం రోజులు ఆసుపత్రిలోనే. రెండుసార్లు వాయిదా వేశారు. ప్లేట్‌లెట్ల కోసం యూసుఫ్ గని దోస్తులు భూపాలపల్లి నుంచి బండ్ల మీద వచ్చి ఇచ్చి వెళ్లారు. వాళ్లలో ఒకడు నన్ను చూసి, "వంటా వార్పు కాడ లొల్లి పెట్టిన హైదరాబాదీ గీమేనా?" అన్నాడు. నాకు తిట్టే ఓపిక కూడా లేదు. సీఏ-125 నెమ్మదిగా దిగింది. తర్వాత ఒకచోట ఆగిపోయింది. మామూలు స్థాయికి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ఒప్పుకున్నారు. బందులు లేవు, బస్సులు తిరుగుతున్నాయి. ఫుప్పు దంతాలపల్లిలోనే ఉంది. మూడు నెలలకొకసారి స్కాన్. ఆపరేషన్ చేసినచోట చిన్న మచ్చలాంటిది ఉంది, అది పెరగలేదు, తగ్గలేదు. "స్టేబుల్" అని రాస్తారు కాగితం మీద. ఆ మాట కోసం మూడు నెలలు ఊపిరి బిగబట్టడం, విన్నాక మళ్లీ మూడు నెలలు. పొద్దున రెండు జాకెట్లు కుడుతుంది, మధ్యాహ్నం పడుకుంటుంది. నేను చదువు పూర్తి చేశాను, స్కాన్‌కు ముందు రోజు మాత్రం దంతాలపల్లిలో ఉంటాను. బాగైపోయిందా అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో మాకు తెలియదు. ఉంది, అంటాం.

ఈ టెస్టు చేయించమని గానీ, వద్దని గానీ నేను చెప్పను. అది మీ డాక్టర్‌తో తేల్చుకోండి. దాని హద్దులేమిటో కూడా ఆయననే అడగండి. నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్‌కు ముందు రోజు ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి, తీసిన ముక్క ఎవరి చేతికి ఇస్తారో, దేంట్లో వేస్తారో, ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు వెళ్తుందో, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పండి. దాని గురించి వాళ్ల మనసులో ఏముందో కూడా అడగండి. తీసుకెళ్లే మనిషి పేరు కాగితం మీద రాసి సిస్టర్‌కు ఇవ్వండి. ఇదంతా ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషితో మొదలుపెట్టండి.